నిలిపి ఉంచిన కారును ఆకతాయిల నుంచి కాపాడుకోవడం ఎలా? చోటు ఎంపిక నుంచి క్లెయిమ్ దాకా

పొద్దున్నే కారు దగ్గరికి వెళ్తే డోర్ల పొడవునా ఒక గీత. రాత్రి లేదు. ఎవరు గీశారో, ఎందుకు గీశారో తెలియదు. ఈ బాధ నాతో చెప్పుకున్నవాళ్ళు చాలామంది. అందరూ చివర్లో అడిగే మాట ఒకటే: "కెమెరా పెట్టించమంటారా?"

పెట్టించండి. కానీ అది మొదటి పని కాదు. ముందు ఆ దెబ్బ ఏ రకానిదో గుర్తించాలి. ఆ తర్వాత కారు నిలిపే చోటు, నిలిపే తీరు మార్చుకోవాలి. ఈ రెండూ చేయకుండా కొన్న వస్తువులు చాలాసార్లు డబ్బు దండగే. అందుకే కింది పనులను ఉన్న వరసలోనే చేయమని అడుగుతున్నాను.

## 1. ముందు దెబ్బను చదవండి

కారు మీద ప్రతి గీతా కావాలని గీసింది కాదు. పొరపాటున తగిలిన దానికి పక్కింటివాళ్ళను అనుమానిస్తే లేని గొడవ మొదలవుతుంది. కాబట్టి పగటి వెలుగులో ఒకసారి, టార్చిని పక్కవాటుగా పట్టుకుని ఇంకోసారి చూడండి.

తాళం చెవి లేదా మేకు గీత: సన్నగా, లోతుగా ఉంటుంది. నడిచే మనిషి చెయ్యి వేలాడే ఎత్తులో, అంటే నడుముకు కాస్త కిందుగా ఉంటుంది. ఒక డోరు దాటి ఇంకో డోరు మీదికి సాగుతుంది. మొదలైన చోట గట్టిగా నొక్కిన గుర్తు, మధ్యలో అలల్లాంటి వంపు కనిపిస్తాయి.

పక్క కారు డోరు తగిలిన దెబ్బ: చిన్న సొట్ట, నిలువుగా పొట్టి గీత. అవతలి కారు రంగు కొంచెం అంటుకుని ఉంటుంది.

బండి హ్యాండిలో, బంపరో రాసుకున్నది: వెడల్పుగా ఉంటుంది. నల్లటి రబ్బరు మరక గానీ, వేరే రంగు గానీ కనిపిస్తుంది. తడి గుడ్డతో తుడిస్తే సగం పోతుంది.

చెట్టు కొమ్మలు: పక్కపక్కనే సన్నని గీతలు చాలా ఉంటాయి, లోతు ఉండదు.

జంతువులు: బానెట్ మీద, పైకప్పు మీద దగ్గరదగ్గరగా మూడు నాలుగు సన్న గీతలు ఉండి, దుమ్ములో పాదాల గుర్తులు కూడా ఉంటే అది పిల్లి పని. బంపర్ అంచులు కొరికి ఉంటే కుక్కను అనుమానించాలి.

కావాలనే చేసినట్టు తేలితే, ఎలాంటి మనిషి చేసి ఉంటాడన్నది తర్వాతి ప్రశ్న. పేరు అక్కర్లేదు, రకం తెలిస్తే చాలు. దానికి చుట్టుపక్కల కార్లనూ చూడాలి.

- వరసలో నాలుగైదు కార్లకు అద్దాలు విరిగితే, వైపర్లు వంగితే అది ఆకతాయిల పని. మీ మీద ప్రత్యేకంగా కోపం లేదు. మందు: చోటు మార్చడం, వెలుతురు.
- అద్దం పగిలి లోపల వస్తువు పోతే దొంగ. మందు: లోపల ఏమీ కనిపించకుండా చేయడం.
- మీ ఒక్క కారుకే, అదే చోట రెండోసారి మూడోసారి జరిగితే ఎవరికో మీ మీద కోపం ఉంది. ఇక్కడ కెమెరా కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

## 2. కోపానికి కారణం ఉంటే తీసేయండి

ఈ భాగాన్ని దాటేయకండి. "తప్పు వాళ్ళదైతే నేనెందుకు మారాలి?" అని చాలామంది అడుగుతారు. తప్పు ముమ్మాటికీ గీసినవాళ్ళదే. కానీ మీ కారు రాత్రంతా ఒంటరిగా బయట ఉంటుంది. కోపం తగ్గించడం కంటే చవకైన రక్షణ లేదు.

ఒక వారం పాటు మీ పార్కింగ్‌ను పక్కింటివాళ్ళ కళ్ళతో చూడండి:

- కారు ఎవరి గేటుకైనా అడ్డం వస్తోందా? సగం టైరు వచ్చినా అడ్డమే.
- రెండు కార్లు పట్టే చోట మధ్యలో ఆపుతున్నారా?
- నడిచేవాళ్ళు, వీల్‌చైర్ వాడేవాళ్ళు వెళ్ళే దారి మూసుకుపోతోందా?
- అర్ధరాత్రి అలారం ఊరికే మోగుతోందా?
- తెల్లవారుజామున ఎవరి కిటికీ ముందైనా ఇంజన్ ఆన్ చేసి ఉంచుతున్నారా?
- వేరేవాళ్ళు ఏళ్ళ తరబడి ఆపుకుంటున్న చోటును మీరు కొత్తగా వాడుతున్నారా? హక్కు వాళ్ళది కాకపోవచ్చు, అలవాటు మాత్రం వాళ్ళదే.

వీటిలో ఏదైనా ఉంటే ముందు సరిదిద్దుకోండి. తర్వాత ఆ మనిషిని కలిసి మామూలుగా మాట్లాడండి. గీత సంగతి ఎత్తకండి. "నా కారు మీకేమైనా అడ్డం వస్తోందా అండీ? వస్తే చెప్పండి, జరుపుతాను" అంటే చాలు. గీసింది వాళ్ళే అయినా కాకపోయినా ఈ మాట పనిచేస్తుంది.

ముందు అద్దం లోపల ఒక ఫోన్ నంబరు పెట్టడం కూడా మంచిదే. దారి అడ్డమైనప్పుడు ఫోన్ చేసే వీలుంటే డోరు మీద చెయ్యి పడే అవకాశం తగ్గుతుంది. పేరు, ఇంటి నంబరు మాత్రం రాయకండి. ఫోన్ వేధింపులు రావచ్చన్న భయం ఉంటే దీనికోసం వేరే నంబరు పెట్టుకోండి.

## 3. చోటు ఎంపిక

పార్కింగ్ చోటును ఎంచుకునేటప్పుడు దూరం చూస్తాం, నీడ చూస్తాం. ఆకతాయికి మాత్రం ఈ రెండూ పట్టవు. తనను ఎవరైనా చూస్తారా, చూస్తే పారిపోయే దారి ఉందా అన్నవే అతని ప్రశ్నలు. మనమూ ఆ రెండు ప్రశ్నలతోనే చోటు చూడాలి.

మనుషుల చూపు పడాలి. జనం అటూ ఇటూ నడిచే ద్వారం, కాపలా మనిషి కూర్చునే చోటు, వంటింటి కిటికీలకు ఎదురు: ఇవి మంచివి. చూపు పడటం వేరు, గుంపు తిరగడం వేరు. కుర్రాళ్ళు రాత్రి పొద్దుపోయే దాకా నిలబడి కబుర్లు చెప్పుకునే మూల, మద్యం దుకాణం నుంచి బయటికి వచ్చే దారి, ఆట స్థలం అంచు కిక్కిరిసి ఉన్నా మంచి చోట్లు కావు.

వెలుతురు సరిగ్గా పడాలి. లైటు స్తంభం పక్కనే ఉంటే చాలదు. కారు రెండు పక్కలా, అంటే డోర్ల మీద వెలుతురు పడాలి. రాత్రి పదింటికి ఒకసారి వెళ్ళి కారు చుట్టూ నడవండి. ఎటువైపు మీ నీడలో డోరు కనిపించకుండా పోతుందో అటే ప్రమాదం. కదలికకు వెలిగే సెన్సర్ లైటు ఇక్కడ చాలా ఉపయోగం, ఎందుకంటే వెలుగు ఉన్నట్టుండి పడితే వచ్చినవాడు ఉలిక్కిపడతాడు, చుట్టుపక్కలవాళ్ళ చూపూ అటు మళ్ళుతుంది. పక్కింటి పడకగదిలోకి ఆ వెలుగు పడకుండా వంచి బిగించండి. లేకపోతే రెండో అంచెలో తీసేసిన కోపం మళ్ళీ వస్తుంది.

గోడను వాడుకోండి. కారుకు నాలుగు పక్కలుంటాయి. ఒక పక్కను గోడకు దగ్గరగా పెడితే అటు గీసే వీలుండదు, కాపాడాల్సింది మూడు పక్కలే. వరసలో చివరి చోటు దొరికితే ఒక పక్క గోడ, ఇంకో పక్క ఒకే కారు. పక్క డోరు దెబ్బలు కూడా సగానికి తగ్గుతాయి. అయితే మలుపు తిరిగే చోట ఉన్న చివరి స్థలాన్ని వదిలేయండి, అక్కడ తిరిగే బండ్లు బంపర్‌కు రాసుకుంటాయి.

పెద్ద బండి చాటున పెట్టకండి. వ్యాను, లారీ, చెత్త డబ్బా, గుబురు చెట్టు: ఇవి కారును దాచవు, గీసేవాణ్ణి దాస్తాయి. ఈ తప్పు చాలామంది చేస్తారు. "పక్కన వ్యాను ఉంది, ఎవరికీ కనిపించదు" అని ధైర్యంగా ఉంటారు. ఎవరికీ కనిపించకపోవడమే అసలు సమస్య.

తేదీలు గుర్తుంచుకోండి. పెద్ద మ్యాచ్ రాత్రి, కొత్త సంవత్సరం రాత్రి, ఊరేగింపు లేదా నిరసన ఉన్న రోజు మామూలు చోటు కూడా ప్రమాదమే. ఆ ఒక్క రాత్రికి కారును రెండు వీధుల అవతల పెట్టి నడిచి రండి.

ఇంటి దగ్గర ఇంకో చోటే లేకపోతే? అప్పుడు కారు ముఖం మార్చి చూడండి. ఎప్పుడూ దెబ్బ తగిలే పక్క గోడ వైపు వచ్చేలా తిప్పి పెట్టండి. రెండు వారాలు చూడండి. గీతలు ఆగితే వాళ్ళు దారిన పోతూ గీసేవాళ్ళు. ఇంకో పక్కకు మారితే కక్ష.

## 4. దిగేటప్పుడు రెండు నిమిషాలు

ఇది రోజూ చేయాల్సిన పని. వారం రోజులు చేస్తే అలవాటవుతుంది.

- చక్రాలు నేరుగా పెట్టండి. చక్రం బయటికి తిరిగి ఉంటే టైరు పక్క గోడను, అంటే టైరు పక్క భాగాన్ని, పొడవడం సులువు.
- సైడ్ మిర్రర్లు మడవండి. తాళం వేయగానే వాటంతటవే మడిచే కారైతే, మిర్రర్లు తెరిచి ఉన్నాయంటే తాళం పడలేదని చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. మడిచాయో లేదో చూసే కదలండి.
- తిప్పి తీసే యాంటెన్నా అయితే తీసి లోపల పెట్టండి.
- అద్దాలు పూర్తిగా ఎక్కించండి. గాలికని ఒక వేలు సందు వదిలినా కర్రో, నీళ్ళో, చెత్తో లోపలికి వస్తాయి.
- డోరు హ్యాండిల్ లాగి చూడండి. రిమోట్ శబ్దాన్ని మాత్రమే నమ్మకండి.
- కారు చుట్టూ ఒకసారి నడవండి. ఇప్పుడు ఏ గీతలున్నాయో తెలిస్తేనే రేపు కొత్తది కనిపెట్టగలరు.

చివరిదాన్ని చాలామంది వదిలేస్తారు. నేనూ ఒకప్పుడు చూసేవాణ్ణి కాదు. వెనక డోరు మీద గీత కనిపించినప్పుడు అది నిన్నటిదో, నాలుగు రోజుల కిందటిదో చెప్పలేకపోయాను. ఏ రాత్రి రికార్డింగ్ చూడాలో తెలియక మొత్తం వదిలేయాల్సి వచ్చింది.

## 5. లోపల ఏమీ కనిపించకూడదు

ఖాళీ సంచి అయినా సరే, దొంగకు అది ఖాళీ అని తెలియదు. చార్జింగ్ వైరు, ఫోన్ స్టాండు, చిల్లర, అద్దం మీద స్టాండు అంటించిన గుండ్రటి మరక, ఇవన్నీ లోపల ఏదో ఉందని చెప్పే గుర్తులే.

సామాను డిక్కీలో పెట్టాలంటే బయలుదేరిన చోటే పెట్టండి. చేరిన చోట నలుగురి ముందు డిక్కీ తెరిచి లాప్‌టాప్ పెట్టి వెళ్ళిపోతే చోటు చూపించి వెళ్ళినట్టే.

## 6. రంగును కాపాడేవి: కవర్, ఫిల్మ్, కోటింగ్

ఏది ఎంతవరకు ఆపుతుందో తెలియకే ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

కారు రంగు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. ఒక కాగితం మందం సుమారు 100 మైక్రాన్లు ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి. పైన పారదర్శకంగా ఉండే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లు. దాని కింద రంగు పొర, తర్వాత ప్రైమర్, అడుగున తుప్పును ఆపే పూత. తాళం చెవి గట్టిగా నొక్కితే ఇవన్నీ తెగి రేకు తేలుతుంది.

సిరామిక్ కోటింగ్ మందం కొన్ని మైక్రాన్లే. ఇది తాళం చెవిని ఆపదు. అమ్మేవాళ్ళు ఏం చెప్పినా సరే, గీతల భయంతో దీన్ని వేయించుకోవద్దు. దీని ఉపయోగం వేరు: గుడ్డు, సిరా, స్ప్రే పెయింట్ లాంటివి అంత గట్టిగా పట్టుకోవు, కడిగితే సులువుగా పోతాయి.

పీపీఎఫ్, అంటే రంగు మీద అంటించే పారదర్శక ఫిల్మ్, మామూలుగా 150 నుంచి 200 మైక్రాన్లు. పైపై గీతలను ఇది తన మీద వేసుకుంటుంది. మంచి రకమైతే ఎండ వేడికి సన్న గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. బలంగా నొక్కి గీస్తే ఇదీ తెగుతుంది, కానీ చాలాసార్లు కింద రంగు మిగులుతుంది. ఫిల్మ్ ముక్క మార్చడం డోరుకు మళ్ళీ రంగు వేయించడం కంటే తేలిక. కారంతా వేయించే స్తోమత లేకపోతే డోర్లకు, వెనక ఫెండర్లకు (చక్రాల పైన ఉండే రేకు భాగాలకు) వేయించండి. బానెట్‌కు ముందు వేయించేది దారిలో ఎగిరే రాళ్ళ కోసం, అది వేరే సమస్య.

కారు కవర్ నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, సరిగ్గా వాడితే. కింద ఏ కారు ఉందో తెలియదు, గీయాలంటే కవర్ ఎత్తాలి, అంత శ్రమ ఆకతాయి పడడు. వాడేటప్పుడు ఇవి చూసుకోండి:

- లోపలి వైపు మెత్తని గుడ్డ, గాలి ఆడే రకం. ప్లాస్టిక్ రకం తేమను బిగబట్టి మరకలు తెస్తుంది.
- మీ మోడల్ కొలతకు కుట్టింది. వదులుగా ఉంటే గాలికి కొట్టుకుని కవరే గీతలు పెడుతుంది.
- అడుగు నుంచి కట్టే పట్టీ, వీలైతే తాళం వేసే వైరు.
- దుమ్ము పట్టిన కారు మీద వేయకండి. ఇసుక రేణువులు కవర్ కింద గరుకు కాగితంలా పనిచేస్తాయి.

దుమ్ము గురించి ఇంకో మాట. మురికి కారు మీద వేలితో పేర్లు రాయడం పిల్లలకు సరదా. తుడిస్తే పోతుందనుకుంటాం. వేలి కింద నలిగిన దుమ్ము క్లియర్ కోట్‌ను గీరుతుంది, ఎండలో ఆ అక్షరాలు అలాగే కనిపిస్తాయి. కారును శుభ్రంగా ఉంచడమే దీనికి విరుగుడు. శుభ్రంగా ఉన్న కారును చూస్తే దీన్ని రోజూ ఎవరో పట్టించుకుంటున్నారని కూడా తెలుస్తుంది.

## 7. అద్దాలు, టైర్లు, ఇంధనం మూత

ముందు అద్దం రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న రకం. పగిలినా ఊడిపడదు. పక్క అద్దాలు చాలా కార్లలో టెంపర్డ్ గాజు, ఒక మొన దెబ్బకు చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి. వీటికి 100 లేదా 200 మైక్రాన్ల సేఫ్టీ ఫిల్మ్ లోపలి వైపు వేయిస్తే పగిలినా ముక్కలు అతుక్కునే ఉంటాయి. లోపలికి చెయ్యి పెట్టడానికి చాలా దెబ్బలు కొట్టాలి, ఆ శబ్దానికి చాలామంది వదిలేసి పోతారు. మీ దగ్గర అద్దాలకు ఎలాంటి ఫిల్మ్‌ను అనుమతిస్తారో కనుక్కుని వేయించండి. పారదర్శకమైనదైనా కొన్ని చోట్ల నిబంధనలు ఉంటాయి.

టైర్ల విషయంలో రోజూ చూడాల్సినవి మూడు. వాల్వ్ మూతలు ఉన్నాయా? టైరు కింద మేకు నిలబెట్టారా? గాలి తగ్గిందా? మూత లోపల చిన్న రాయి పెట్టి బిగిస్తే పిన్ను నొక్కుకుపోయి గాలి మెల్లగా పోతుంది. ఈ పాత అల్లరి ఇంకా పోలేదు. మూత లేకుండా గాలి మాత్రమే పోతే టైరు బాగానే ఉండే అవకాశం ఎక్కువ. గాలి నింపి వాల్వ్ మీద సబ్బు నీళ్ళు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పక్క గోడ కోసి ఉంటే మాత్రం అతుకు వేయించకండి. ఎవరైనా వేస్తామన్నా వద్దనండి. బరువుకు వంగే భాగం అదే, వేగంలో ఉన్నప్పుడు పేలుతుంది.

చక్రాల నట్లు వదులు చేసిన అనుమానం ఉంటే కారు కదపకండి. పానాతో అన్నీ బిగించి, కొద్ది దూరం వెళ్ళాక ఆగి మళ్ళీ చూడండి. చక్రానికి ఒక్కో ప్రత్యేక తాళం నట్టు పెట్టించుకోవడం మంచిది. దాని తాళం ముక్కను పోగొట్టుకోకండి.

ఇంధనం మూత తెరిచి ఉన్నా, చుట్టూ పంచదారో ఇసుకో కనిపించినా స్టార్ట్ చేయకండి. పంచదార పెట్రోల్‌లో కరగదు, అడుగున చేరుతుంది. ఇంజన్ తిరగనంత వరకు ట్యాంకు శుభ్రం చేయించడంతో సరిపోతుంది. తిరిగితే పంపు, ఫిల్టర్ దాకా పోతుంది. తాళం ఉన్న మూత మార్పిస్తే ఈ టెన్షన్ ఉండదు.

## 8. ఇప్పుడు కెమెరా, అలారం

డ్యాష్‌క్యామ్ (కారు లోపల ముందు అద్దం దగ్గర బిగించే కెమెరా) కొనేటప్పుడు "పార్కింగ్ మోడ్" ఉందో లేదో చూడండి. లేకపోతే ఇంజన్ ఆపగానే అదీ ఆగిపోతుంది. పార్కింగ్ మోడ్‌కు కారు బ్యాటరీ నుంచి నేరుగా వైరు వేయాలి, వోల్టేజీ తగ్గితే ఆగిపోయే కిట్‌తో.

లెక్క ఇలా చూసుకోండి. కెమెరా 0.3 ఆంపియర్లు తీసుకుంటే పన్నెండు గంటల రాత్రికి 3.6 ఆంపియర్ అవర్లు. 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఇది భారం కాదు. మూడు రోజులు కదలకుండా ఉంటే 21.6, దాదాపు సగం ఖాళీ. కారు స్టార్ట్ కాకపోవచ్చు. అందుకే కట్ ఆఫ్‌ను 12.2 వోల్టుల దగ్గర పెట్టుకోండి, బ్యాటరీ పాతదైతే ఇంకాస్త పైన.

ఇంకో ముఖ్య విషయం. ముందు, వెనక కెమెరాలు డోర్లను చూడవు. తాళం చెవి గీతలు పడేది డోర్ల మీదే. గీత గీసిన మనిషి కారు ముందు నుంచి నడిచి వస్తే ముఖం దొరుకుతుంది, లేకపోతే లేదు. పక్కలనూ చూసే కెమెరాలున్న కారైతే, ఉదాహరణకు టెస్లా కార్లలోని సెంట్రీ మోడ్, ఈ లోటు తీరుతుంది కానీ బ్యాటరీ ఖర్చవుతుంది. మిగతా కార్లకు గోడకు బిగించిన కెమెరానే మేలు.

గోడ కెమెరా బిగించేటప్పుడు:

- మరీ ఎత్తులో పెడితే నడినెత్తి తప్ప ముఖం కనిపించదు. రెండున్నర మీటర్లు చాలు.
- ఎదురుగా లైటు ఉండకూడదు. మనిషి నల్లటి నీడలా వస్తాడు.
- కారు పొడవునా చూసేలా, ఒక మూల నుంచి పెట్టండి.
- రాత్రి రికార్డింగ్ ఒకసారి తీసి చూడండి. మీ ముఖమే మీరు గుర్తుపట్టలేకపోతే కోణం మార్చండి.
- పక్కవాళ్ళ ఇంటి లోపల కనిపించకూడదు. కెమెరాలపై, డ్యాష్‌క్యామ్‌లపై కొన్ని దేశాల్లో గట్టి నియమాలున్నాయి, ముందే కనుక్కోండి.

మెమరీ కార్డు నిరంతర రికార్డింగ్‌కు తయారైన రకం వాడండి, నెలకోసారి ఫార్మాట్ చేయండి. కావాల్సిన రోజున కార్డు పాడై ఉండటం చాలామందికి ఎదురైన బాధ. ఎండలో నిలిపే కారైతే లిథియం బ్యాటరీ కాకుండా కెపాసిటర్ (బ్యాటరీకి బదులు కరెంటును నిల్వ చేసే భాగం) ఉన్న కెమెరా తీసుకోండి.

అలారం ఉంటే దాని షాక్ సెన్సర్‌ను తగ్గించి పెట్టండి. పక్కన లారీ వెళ్తే మోగే అలారాన్ని వారం తర్వాత ఎవరూ పట్టించుకోరు. అద్దం మీద అరచేత్తో గట్టిగా తడితే మోగాలి, గాలికి మోగకూడదు.

చేయకూడనివి: కారుకు కరెంటు పెట్టడం, హ్యాండిల్ కింద బ్లేడు అంటించడం, జారే నూనె పోయడం. చిన్న పిల్లాడికో, మీ ఇంట్లోవాళ్ళకో తగులుతుంది. అప్పుడు కేసు మీ మీదే.

## 9. చాలా రోజులు వదిలి వెళ్తుంటే

కదలని కారు అందరికీ తెలిసిపోతుంది. చుట్టూ ఆకులు చేరతాయి, అద్దం మీద కాగితాలు పోగవుతాయి. నమ్మకమైన మనిషికి తాళం ఇచ్చి మూడు నాలుగు రోజులకోసారి కారును జరిపి పెట్టమనండి, కాగితాలు తీసేయమనండి. వెళ్ళే ముందు నాలుగు పక్కలా, పైకప్పు, చక్రాలు, మీటరు రీడింగ్ ఫోటోలు తీసుకోండి.

## 10. జరిగిపోతే: మొదటి గంట

కోపంలో మొదట చేసేది కారు తుడవడం. ఆగండి. రంగును తినేసే ద్రవం పోసి ఉంటే తప్ప ముందు ఫోటోలే.

1. దూరం నుంచి: కారు, చుట్టూ ఉన్న చోటు, నంబర్ ప్లేటు ఒకే ఫోటోలో.
2. మధ్య దూరం నుంచి: ఏ డోరో, ఏ చక్రమో తెలిసేలా.
3. దగ్గర నుంచి: పక్కన నాణెం లేదా స్కేలు పెట్టి.
4. టార్చి పక్కవాటుగా పట్టి లోతు తెలిసేలా ఇంకోటి.
5. నేల మీద ఏదైనా పడి ఉంటే (రాయి, స్ప్రే డబ్బా, గాజు) ముట్టుకోకుండా ఫోటో.
6. చివరిసారి కారు బాగున్నట్టు చూసిన సమయం, ఇప్పుడు చూసిన సమయం రాసుకోండి.

తర్వాత చుట్టుపక్కల ఎవరి కెమెరాలు ఇటు చూస్తున్నాయో చూడండి. అదే రోజు వెళ్ళి అడగండి. చాలా రికార్డర్లలో పాతది చెరిగిపోతూ కొత్తది ఎక్కుతుంది. కొన్నింట్లో వారం కూడా నిలవదు. "మొత్తం చూపించండి" అంటే ఎవరికీ ఓపిక ఉండదు. "రాత్రి పదకొండు నుంచి ఆరు దాకా, ఈ కెమెరా ఒక్కటే" అని అడగండి.

అనుమానం ఉన్న మనిషి పేరును వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆధారం లేకపోతే తల మీదికి వచ్చేది మీకే. ఆధారం ఉంటే దాన్ని ముందుగా చూడాల్సింది పోలీసులు.

## 11. మరకలకు, గీతలకు తొలి చికిత్స

బ్రేక్ ఆయిల్ లేదా రంగు కరిగించే ద్రవం: ఒక్క ఫోటో తీసి వెంటనే ధారాళంగా నీళ్ళు పోయండి. తుడవకండి, మెత్తబడిన రంగు గుడ్డతో పాటే వస్తుంది. మామూలు డాట్ 3, డాట్ 4 రకాల బ్రేక్ ఆయిల్ నీళ్ళతో కలిసి పోతుంది.

గుడ్డు: వేడి నీళ్ళు వద్దు, అట్టులా అతుక్కుంటుంది. గోరువెచ్చని నీళ్ళలో తడిపిన గుడ్డను పది నిమిషాలు పరిచి ఉంచండి. పెంకు ముక్కలను ముందు నీళ్ళతో జార్చేయండి, రుద్దితే అవే గీస్తాయి.

స్ప్రే పెయింట్: తడిగా ఉండగానే కారుకు వాడే తారు రిమూవర్‌తో, మైక్రోఫైబర్ గుడ్డతో తీయండి. ఎండితే క్లే బార్ (రంగు మీద రుద్ది మరకలు తీసే మట్టి ముద్ద), దానికి తగిన జారుడు ద్రవం. థిన్నర్, అసిటోన్ వాడితే కింద రంగూ పోతుంది. గాజు మీద ఎండినదాన్ని సబ్బు నీళ్ళు పోసి కొత్త బ్లేడుతో పక్కవాటుగా గీకవచ్చు.

అంటించిన స్టిక్కరు: హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ప్లాస్టిక్ కార్డుతో లేపండి.

గీత: గోరు అడ్డంగా పోనివ్వండి. గోరు తట్టుకోకపోతే గీత క్లియర్ కోట్‌లోనే ఉంది, కాంపౌండ్ (పైపొరను సన్నగా అరగదీసే ముద్ద), పాలిష్‌తో చాలావరకు పోతుంది. నీళ్ళు పోస్తే గీత మాయమైనా అదే అర్థం. గోరు తట్టుకుంటే పాలిష్‌తో పోదు, ఎంత రుద్దినా చుట్టూ క్లియర్ కోట్ అరుగుతుంది తప్ప లాభం లేదు. రేకు మెరుస్తూ కనిపిస్తే ఆలస్యం చేయకుండా టచప్ రంగుతో మూయండి, లేకపోతే తుప్పు పడుతుంది. రంగు కోడ్ చాలా కార్లలో డ్రైవర్ డోరు చట్రం మీదో, బానెట్ కిందో ఉన్న స్టిక్కర్‌పై ఉంటుంది. ఒకేసారి దట్టంగా కాకుండా పల్చగా రెండు మూడు పూతలు వేయండి, ఒక్కోటి ఆరాకే తర్వాతది.

క్లెయిమ్ చేయాలనుకుంటే మాత్రం కంపెనీ మనిషి చూసే దాకా తుప్పు ఆపడం కంటే ఎక్కువ ఏమీ చేయకండి.

## 12. ఫిర్యాదు, క్లెయిమ్

చిన్న గీతే అయినా పోలీసు ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. దొరుకుతాడని కాదు. మూడోసారి జరిగినప్పుడు మొదటి రెండు కాగితాలు ఉంటే మీ మాటను వినే తీరు మారుతుంది. ఫిర్యాదులో అనుమానాలు కాకుండా చూసింది మాత్రమే రాయండి: ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి లోపు, ఏ భాగం, ఏ కెమెరా ఉంది.

ఇన్సూరెన్స్‌లో, అవతలివాళ్ళ నష్టానికి మాత్రమే వర్తించే పాలసీ మీ కారు గీతకు పైసా ఇవ్వదు. సమగ్ర పాలసీలో కావాలని చేసిన నష్టం సాధారణంగా ఉంటుంది, అయినా మీ పాలసీ కాగితంలో చూసుకోండి. తెలియజేయడానికి గడువు ఉంటుంది, ఆ రోజే ఫోన్ చేయండి.

క్లెయిమ్ చేయాలా వద్దా అన్నది లెక్క. బాగుచేయించే ఖర్చు ఒక పక్క రాయండి. మీరు ఎలాగూ కట్టాల్సిన వాటా, క్లెయిమ్ వల్ల వచ్చే ఏడాది పోయే నో క్లెయిమ్ తగ్గింపు (క్లెయిమ్ చేయనివాళ్ళకు ప్రీమియంలో ఇచ్చేది) రెండూ కలిపి ఇంకో పక్క రాయండి. రెండో పక్కది ఎక్కువైతే సొంత డబ్బుతో చేయించుకోండి. ఒక డోరు గీతకు చాలాసార్లు అదే తేలుతుంది. నాలుగు డోర్లూ, బానెట్టూ గీస్తే క్లెయిమే.

ఆఖరి పని. గ్లోవ్ బాక్సులో ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. ప్రతి దెబ్బకూ తేదీ, వారం, చోటు, కారు ఏ వైపు తిరిగి ఉంది, ఏ పక్క తగిలింది అని రాయండి. మూడు నాలుగు నమోదులయ్యాక తిరగేయండి. అన్నీ శనివారం రాత్రులో, అన్నీ ఒకే గేటు ముందో, అన్నీ మీ అలారం మోగిన మర్నాడో అని తేలితే మళ్ళీ రెండో అంచె నుంచి మొదలుపెట్టండి.